కుట్టిన ఈగ

మగ్గం మీద పెళ్లికూతురి జాకెట్టు బిగించి ఉంది.
ఫ్రామ్రోజ్ సార్ అగ్గిపెట్టె తెరిచి
వేలిగోరంత గాలం ఒకటి నా ముందు పెట్టాడు.
"దీనికి ఈగను కుట్టగలవా, అండాలూ?"

చిలకల్ని కుట్టాను, మామిడిపిందెల్ని కుట్టాను,
ఒకసారి కార్పొరేటర్ కోడలికి అంబారీతో సహా ఏనుగుని.
ఈగని ఎవరూ అడగలేదు.

సికింద్రాబాద్ రైల్వేలో ఇంజన్ల పని చేసి దిగినాయన.
వేళ్లు వణుకుతున్నాయి, ముడి పడడం లేదన్నాడు.
కోడి మెడ ఈక చాలు, నెమలి ఈకలో ఒక్క పోగు,
నడుముకి జరీ తీగ రెండు చుట్లు.
"అందంగా వద్దు.
నీళ్లలో పడి చావబోతున్నట్టు ఉండాలి."

ఆ మాట దగ్గరే ఆగిపోయాను.
పదహారేళ్లు అందంగా కుట్టడమే నేర్చిన చెయ్యి ఇది.
నాలుగు పాడుచేసి, అయిదోదానికి
ఒక రెక్క కొంచెం వంకర పెట్టాను.

మా మామ పోశెట్టి పడీపడీ నవ్వాడు.
"దారానికి చేప పడతదా? దానికేమన్న పెండ్లున్నదా?"
అత్తాపూర్ దగ్గర మూసీ ఆయనకి వాకిలి.
గడ్డి మళ్లలో తెల్లారగట్ల ఎర్రలు తవ్వి
కొబ్బరిచిప్పలో తడిమన్నేసి దాస్తాడు.
బెండు కదిలేదాకా బీడీ కూడా ముట్టించడు.
ఎర్రని గాలానికి ఎక్కించేటప్పుడు మాత్రం
అటు తిరుగుతాడు, నాకు కనపడకుండా.
"పానం పెట్టి పానం అడుగుతున్నం బిడ్డా.
ఇచ్చేది నిజంగ ఇయ్యాలె."

సార్ పట్టిన చేపని తడిచేతుల్తో ఎత్తి
మళ్లీ నీళ్లలో విడుస్తాడట.
ఈ సంగతి చెబితే మామ ముద్ద నోటిదాకా పోలేదు.
"ఇడిసెటోనికి పట్టుడెందుకు?
దాని ఆకలి తీరలే, ఈనకు ఆకలే లేదు.
నడుమ గీ దొంగాట ఎవలికోసం?"

శ్రావణంలో హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు.
బండ్లేసుకుని ఊరంతా వచ్చింది.
దోమతెరలు, పాత చీరలు,
గొడుగు తిరగేసి పట్టినవాడొకడు.
వాళ్లందరికీ దూరంగా, మోకాలిలోతు నురగలో,
సార్ దారం విసిరాడు.
వెనక్కీ ముందుకీ, మళ్లీ వెనక్కీ,
గుడ్డలో సూది మునిగి తేలినట్టు.
అప్పుడు మాత్రం చెయ్యి వణకలేదు.

నా ఈగ నీళ్లని ముట్టింది.
నిజంగా చచ్చిపోతున్నట్టే ఉంది.
కొర్రమీను నల్లటి వీపు ఒక్కసారి.
తర్వాత టప్పున తెగిన చప్పుడు.
ఆయన ఖాళీ దారం పట్టుకుని చాలాసేపు నవ్వాడు.
నాకు కళ్లలో నీళ్లొచ్చాయి,
ఈగ కోసమో, చేప కోసమో.
"తుప్పు పట్టి అదే రాలిపోతుందిలే."

రాలలేదు.

ఇరవై రోజులకి మామ కొర్రమీను తెచ్చాడు.
గేట్లెత్తిన నెలలోనే మూసీ చేప తినబుద్ధవుతుంది మాకు.
ఉప్పూ బూడిదా వేసి బండకి రుద్దుతుంటే
దవడ మూల ఏదో వేలికి గుచ్చుకుంది.
జరీ నల్లబడింది. నెమలి పోగు లేదు.
వంకర రెక్క ఉంది,
నా వంకరే.

ఒకసారి మోసపోయిన నోరు
ఆ మోసాన్ని మోసుకుంటూనే మళ్లీ ఆకలేసి
నిజం దగ్గరికి పోయింది.
నిజానికీ గాలం ఉంది.

మామ దాన్ని వెలుతురులో తిప్పితిప్పి చూశాడు.
"కుట్టు గట్టిదే" అన్నాడు, అంతే.
చింతపులుసు పెట్టాను. అందరం తిన్నాం.
నేనూ తిన్నాను, రెండోసారి వేయించుకుని.

సోమవారం సార్ అయిదు గాలాలు పంపాడు.
రెక్కలన్నీ సమంగా, తిన్నగా పెట్టాను.
వాటిని ఒక్క చేపా ముట్టలేదట.
ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.
అయిదూ చాలా అందంగా వచ్చాయి.