మీటరు చట్రం

ఆరున్నర బస్సు నన్ను దొండపాలెం కట్ట మీద దించి
అల్లూరు వైపు పోయింది.
చేతిలో పీవీసీ గొట్టాల చట్రం,
మీటరు పొడుగు, మీటరు వెడల్పు.
దాన్ని నీళ్ళ మీద పరిచి
లోపల ఏం మొలిచిందో లెక్క రాయడం నా ఉద్యోగం.

పడవ తోసే మానికల సుబ్బరత్తమ్మ నవ్వింది.
"చెరువుకి కిటికీ పెడతన్నావా నాయనా?"

తూము దగ్గర మొదటి చట్రం.
అడుగు కనిపించేంత తేట.
ఇక్కడి మట్టి పేదది, పేదమట్టిలో
ఒకరినొకరు తొక్కేంత బలం ఎవరికీ రాదు.
కలువ, తుంగ, నాచు, నీటిగొబ్బి,
మొత్తం పదకొండు రకాలు
ప్యాసింజరు రైల్లో లాగా సర్దుకుని కూర్చున్నాయి.

రొయ్యల గుంటల మురుగు కలిసే మూల రెండోది.
ఒకటే పేరు రాశాను: గుర్రపు డెక్క.
కింద గీత గీసి మళ్ళీ అదే.
గుంటలో మిగిలిన మేత, పైరు తాగని యూరియా
అన్నీ ఈడికే గదా దిగేది.
పైన పచ్చటి తివాచీ,
కింద నీళ్ళకి మిట్టమధ్యాహ్నమే చీకటి.
చెయ్యి పెడితే నాచు
ఉడికిన సేమ్యాలా తెల్లగా జారింది.

మూడోది నల్లతుమ్మల కింద.
ఇక్కడ నా లెక్క తప్పింది.
కొమ్మల నిండా నత్తగుల్ల కొంగలు, నీటికాకులు,
ఆకులకి సున్నం కొట్టినట్టు రెట్ట.
సీసాలో పట్టుకెళ్ళిన నీళ్ళు ల్యాబులో చెప్పాయి:
భాస్వరం, రొయ్యల మూల కంటే ఎక్కువే.
మరి జమ్ము రాలేదేం? డెక్క రాలేదేం?
ఇంత వడ్డన జరుగుతుంటే
పంక్తిలో ఎవరూ లేరేం?

గట్టు తడి వెంబడి సరస్వతాకు మాత్రం
రూపాయి బిళ్ళల్లా.
నాలుగు రెక్కల ఆకు ఇంకొకటి,
పేరు నాకు రాదు.

"నీడుంది గదయ్యా" అంది సుబ్బరత్తమ్మ.
"కూడొకటుంటే సరా?
తినేదానికి పొద్దు గూడా కావాల గదా."
నోటుబుక్కులో నా మాటగా రాసుకున్నాను.
తర్వాత కొట్టేసి ఆమె పేరు రాశాను.

ఆ ఆకు ఆమె కోసి
నెల్లూరులో పసరుమందుల కొట్టుకి వేసేది.
తమ్ముడు పోలయ్య ఆవలి ఒడ్డున
జమ్ము కోసి చాపలు అల్లేవాడు.
నీడ అక్కది, ఎండ తమ్ముడిది.
చెట్లే హద్దురాళ్ళు.

ఫాల్గుణంలో తుమ్మలకి వేలం పాడారు.
నూట అరవై మాన్లు.
కొంగలు మూడు రోజులు గాల్లో తిరిగి
నాలుగో రోజుకి లేవు.

మళ్ళీ కార్తీకంలో, జీపీఎస్ చూసుకుని, అదే చోట
చట్రం వేయబోతే నీళ్ళకి తగల్లేదు.
జమ్ము.
మనిషెత్తు, పైన ఇంకో జానెడు.
గాదె ఇన్నేళ్ళూ నిండుగానే ఉంది,
నీడ దానికి తాళం.

పోలయ్య మొదట సంబరపడ్డాడు.
పడవ నిండా కోశాడు, ఆరబెట్టాడు, అల్లాడు.
మడత పెట్టగానే చాప నడుమ విరిగింది.
"మేత ఎక్కువైన గడ్డయ్యా ఇది, పీచు ల్యా" అన్నాడు,
విరిగిన చోట వేలు పెట్టి చూపిస్తూ.

సరస్వతాకు గురించి నేను అడగలేదు.
సుబ్బరత్తమ్మే పిలిచింది ఇంటి వెనక్కి.
గిన్నెలు తోమే నీళ్ళు పారే చోట నాలుగు కర్రలు,
పైన యూరియా సంచులు కుట్టిన పందిరి.
కింద గట్టు నుంచి పెళ్ళగించి తెచ్చిన తీగె,
సగం బతికి, సగం ఆలోచిస్తూ.
"ఏసుకో నీ కిటికీ."

చట్రం పరిచాను.
ఒక మూల పూర్తిగా ఆనలేదు, బొక్కెన అడ్డం.
సరస్వతాకు, పది మొక్కలు.
నీడ ఎంత శాతం అనే గడి దగ్గర ఆగి
పైకి చూస్తే సంచి మీద ఎండకి వెలిసిన అచ్చు,
నత్రజని నలభై ఆరు.
అదే రాయబోయి
ఆమె చూస్తోందని పెన్ను మూశాను.