ఇల్లు లాగిన రోజు

చిలోయె దీవిలో ఇళ్ళు నడుస్తాయి.
వింతేం లేదు. కర్ర ఇల్లు, కింద దుంగలు,
ముందు పద్నాలుగు ఎడ్లు, చుట్టూ ఊరు.
ఇల్లు జరపమని అడిగితే కాదనడం
మా తాతల నాడే లేదు.
ఒక పూట తిండి పెడితే చాలు, కాస్త ఆపిల్ కల్లు.

ఎదెల్మీరా అడుగుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మనిషి ఎదురైతే గోడకేసి తిరిగే ఎదెల్మీరా.
చర్చి గంట మోగితే మోకాళ్ళ మధ్య తల దూర్చే ఎదెల్మీరా.
చిల్లర చేతిలో పెట్టబోతే
బల్ల మీద పెట్టమని వేలితో చూపేది.
ముట్టుకుంటే రాలిపోతుందేమో అనేది మా అత్త.
రాత్రిళ్ళు పిట్టై ఎగురుతుందని దుకాణం రొసెందో.
మేం పిల్లలం ఆమె కిటికీ కింద డబ్బాలు వాయించేవాళ్ళం.
నేను బాగా వాయించేవాణ్ణి.

చర్చి తలుపుకి కాగితం ముక్క గుచ్చి వెళ్ళింది:
"నా ఇల్లు. పాయకి అవతల. పోటు పెద్దదైన రోజు."
దయచేసి అన్న మాటైనా లేదు.

అవతల అంటే ఎవరూ లేని చోటు.
గాలి, నాచు, బోర్లాపడిన ఒక పడవ.
"పోనీ, పీడా విరగడవుతుంది" అన్నారొకరు.
"పాపం, ఒక్కతే ఎలా" అన్నారింకొకరు.
తెల్లారేసరికి
ఆ ఇద్దరూ ఒకే మోకు పట్టుకుని ఉన్నారు.

పొయ్యి దించాం, పొగగొట్టం పీకాం, అద్దాలు విప్పాం.
ఆమె మాత్రం బయటికి రానంది.
"హైలెస్సా" అని మొదటి కేక లేచింది.
లోపల్నుంచి ఒక శబ్దం.
ఏడుపు కాదు. ఇరుసులో ఇసుక పడ్డట్టు.

ఎడ్ల బెలార్మినో చెయ్యెత్తాడు.
ఊరు మొత్తానికీ అతనిదే పెద్ద గొంతు,
కొండ అవతలి ఎద్దు కూడా ఆ గొంతుకి చెవి రిక్కిస్తుంది.
అతను వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.
టోపీ తీసి ఊపాడు: ఇప్పుడు.
దించాడు. మళ్ళీ ఊపాడు: ఇప్పుడు.

అరవై మందిమి నోరు మూసుకుని లాగాం.
అరవకుండా లాగితే ఇల్లెంత బరువో
అప్పుడు తెలిసింది.
మోకు మూలుగు. బురదలోంచి ఊడొస్తున్న గిట్టలు.
మా నాన్న ఊపిరిలో సన్నటి ఈల ఉందని
ఆ రోజే విన్నాను.

ఇల్లు నీళ్ళలోకి దిగింది. పడవలు అందుకున్నాయి.
తేలుతున్న గడప మీద ఒక కోడి,
అది కూడా కిక్కురుమనలేదు.

అవతలి గట్టున పొడుగాటి బల్ల చెక్క, మీద గుడ్డ.
తెల్లారకముందే పడవేసుకొచ్చి పరిచినట్టుంది.
ఉడికించిన దుంపలు, చల్లారిపోయినవి.
నల్లవి, ఊదావి, వంకర టింకరవి.
కుప్పగా పొయ్యలేదు. ఒక్కోటీ విడివిడిగా,
ఒకదానికొకటి తగలకుండా.
లెక్కపెట్టాను.
డబ్బాలు వాయించేవాళ్ళతో సహా సరిపోయాయి.

ఆ రాత్రి ఊరికి తిరిగొచ్చి కల్లు తాగి
పగలంతా మింగిన కేకలన్నీ కక్కేశారు.
చెవులు మూసుకునేవాళ్ళు లేరు కదా.
ఆమె ఇల్లున్న చోట ఆరు మొద్దులు మిగిలాయి,
పిల్లలు ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకుతారు.

సాగనంపాం అంటాం ఇప్పటికీ.
ఏ అర్థంలో అన్నది
ఎవరి మొహం చూసి వాళ్ళు తేల్చుకోవాలి.

గడియ పెట్టే ముందు అమ్మ అడుగుతుంది:
"అవతల దీపం ఉందా?"
మంచు కమ్మి పాయే కనబడని రోజు కూడా
ఉందనే చెప్తాను.