మ

వూచ్ నగరంలో గురువారం సాయంత్రాలు
గ్రంథాలయం మేడమీద
ఏడు కుర్చీలు, ఒక కెటిల్.
గోడగడియారాన్ని ఎవరో
మేకు నుంచి దించి బోర్లా పెట్టారు.

నేను ట్రాము నడిపేవాణ్ణి.
ఆలస్యమంటే ఒళ్లు మంట.
నా కూతురు "మ..." అనగానే
"మల్వీనా" అని నేనే అందించేవాణ్ణి,
పదకొండేళ్లుగా.

ఆ రోజు తన వంతు.
"బే... బేకరీలో ఎప్పుడూ ఆపిల్ కేకే అడుగుతాను.
నాకది ఇ... ఇష్టం లేదు.
నాకు మ... మ..."

మకోవ్యెత్స్. గసగసాల కేకు.
నా పెదవులదాకా వచ్చేసింది.
ఎదుటి కుర్చీలో జ్దిస్వావ్,
నత్తితోనే అరవై దాటిన పోస్టుమాన్,
నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

పళ్లు బిగబట్టాను.
కింద వీధిలో పదో నంబరు ట్రాము ఆగింది.
దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు,
వెళ్లిపోయింది.

అప్పుడొచ్చింది ఆ మాట
తన కాళ్లమీద తాను నడిచి.

ఎన్ని ఆపిల్ కేకులు తినిపించానో
లెక్కపెట్టుకుంటూ ఇంటిదారి పట్టాను.
బేకరీ ఇంకా మూయలేదు.
తలుపు తనే తోసింది.
వరసలో తన వెనక నలుగురు.

నేను మంచులో, బయట,
చేతిగడియారం విప్పి జేబులో వేసుకుని.