పోటు వేళ

సామాను పట్టీ మీద నాకంటే ముందే వచ్చి
సూట్‌కేసుల మధ్య బోర్లా పడి తిరుగుతోంది నా కుర్చీ.
ఎడమ బ్రేకు వంగింది.
"చిన్న దెబ్బేలెండి" అంది కౌంటర్లో అమ్మాయి
మడమ బెణికిన పిల్లాడితో అన్నట్టు.

లిస్బన్‌లో నేను నేర్చిన మొదటి మాట
మెట్రో లిఫ్టు తలుపుకి అతికించిన కాగితం మీదిది:
అవరియాదు.
చెడిపోయిందని అర్థమట.
మొదట మర్యాదలా వినిపించింది,
మూడో స్టేషన్లో అమర్యాదలా.
వీళ్ళ మాటలు కొన్ని మన మాటల్లాగే
ఉకారం మీద చేరగిలబడి కూచుంటాయి.

ఈ ఊరికీ ఏడు కొండలేనట.
ఏడు కొండలంటే నాకు డోలీ.
ఎనిమిదేళ్ళప్పుడు నలుగురి భుజాల మీద ఊగుతూ,
"కదలకే, పడిపోతావ్" అన్న కేక వింటూ
పైకి చేరాక నేను మొక్కుకున్నది ఒక్కటే:
ఇక నన్నెవరూ మోయకూడదని.
హుండీలో వెయ్యడానికి చేతిలో అర్ధరూపాయి ఉంది,
వేసినట్టే గుర్తు.

పసుపు ట్రాముకి మూడు మెట్లు.
డ్రైవరు భుజాలెగరేశాడు, నేనూ ఎగరేశాను,
ఇద్దరికీ ఆ భాష వచ్చు.
కొండమీది నుంచి ఊరెలా ఉంటుందో
పోస్టుకార్డు కొని చూశాను. ఎర్ర పెంకులు. బాగుంది.

కింద మాత్రం రాళ్ళు.
గుప్పిట్లో ఇమిడే తెల్లరాళ్ళు, మధ్యలో అలలు అలలుగా నల్లవి.
అందరూ వంగి ఫోటోలు తీసుకుంటారు.
నేను పళ్ళు బిగించి చదువుతాను వాటిని;
ప్రతి వెన్నుపూసా లేచి హాజరు పలుకుతుంది.
ముందు చక్రాలు రెండూ
సందు దొరికితే చాలు, మూతి దూర్చే పిల్లులు.

ఒక మలుపులో అలాగే ఇరుక్కుంటే
ఎవరో అడక్కుండా వెనకనుంచి తోశారు.
మంచితనం ఎప్పుడూ వెనకనుంచే వస్తుంది నాకు,
తిరిగి చూసేసరికి వీధి మలుపు దాటేస్తుంది.

రెండడుగులు పోయి మళ్ళీ ఇరుక్కున్నాను,
ఒక సుత్తి చప్పుడు పక్కన.

జానెడు పీట మీద కూచుని ఉన్నాడు,
ఎడమ చేతిలో రాయి, ఒళ్ళంతా సున్నపు దుమ్ము.
మూడు రోజుల్లో మొదటిసారి
మెడ ఎత్తకుండా ఒక మనిషి కళ్ళలోకి చూశాను.
పేరు ఆదెలీనో. కేప్ వెర్ద్ దీవుల మనిషి.
సగం ఇంగ్లిషు, సగం సుత్తి.
"ఈ వీధంతా మీరు పేర్చిందేనా?"
"నేనూ, మా మామా."
"అయితే నా నడుం నొప్పి మీ చేతి చలవే."
నవ్వి ప్యాంటు పైకి లాగాడు:
కాయలు కాసిన రెండు మోకాళ్ళు.
ఇరవై తొమ్మిదేళ్ళట.
లేవాలంటే రోజూ గోడని బతిమాలుకోవాలట.

చక్రం కింది రాళ్ళు మూడు పీకి,
అంచులు చెక్కి, ఇసక సర్ది, మళ్ళీ దిగ్గొట్టాడు.
చేటంత నేల చదునైంది.
మిగతా ఊరు ఎలా ఉందో అలాగే ఉంది.

పడవెక్కి ఆవలి ఒడ్డుకి పోవాలన్నాను.
గడియారం చూడలేదు, వీధి చివర నది కేసి చూశాడు.
"ఇప్పుడొద్దు. నీళ్ళు దిగి ఉన్నాయి,
పడవ దగ్గరి వాలు నిచ్చెనలా ఉంటుంది.
నాలుగున్నరకి పోటు.
అప్పటికి దానంతటదే ఒంగుతుంది."

రేవులో ఎదురుచూస్తూ కూచున్నాను.
కూచోవడం నాకు బాగా వచ్చిన విద్య.
టికెట్లు చూసే ఫిలొమేన రెండుసార్లు వచ్చి
ఇద్దరు కుర్రాళ్ళని పిలవనా, ఎత్తి ఎక్కిస్తారు, అంది.
నీళ్ళు రానీండి, అన్నాను.
పిచ్చిదాన్ని చూసినట్టు చూసి
కాగితం పొట్లంలోంచి రెండు వేయించిన చెస్ట్‌నట్లు పెట్టింది.

తేజు నది ఎవరికీ చెప్పకుండా
వేలెడు వేలెడు లేస్తోంది.
గుంజకి పట్టిన పాచి గీతలు ఒక్కొక్కటే మునిగాయి.
ఇనుప వాలు కిర్రుమంటూ, మొరాయిస్తూ,
పశువు మెడ దించినట్టు దించింది.

నాలుగూ ఇరవైకి బ్రేకు తీశాను.
వంగింది కదా, బొటనవేలితో రెండుసార్లు నొక్కాలి.