మెట్ల మీద మాట

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
వాల్పరైసో కొండ ఏం కరగలేదు.
ముప్పై ఒక్క ఏళ్లు దాని నెత్తిన
గుండ్రటి స్టూలు మీద కూర్చుని
కొండలిఫ్టును పట్టాల వెంట పైకి లాగాను, కిందికి వదిలాను.
చేపల బుట్టలు, బడిపిల్లలు, ఒకసారి ఒక పియానో,
ఒకసారి పెళ్లికూతురు, చెప్పులు చేత్తో పట్టుకుని.
పేటంతటినీ ఎక్కించాను.
నేను ఎక్కలేదు.

కరిగినవి నా పిక్కలు.
తడి గిన్నెలో వదిలేసిన
సబ్బుబిళ్లలా.
నొప్పెడితే తెలిసేది. కుర్చీ నొప్పి పెట్టదు,
అదే దాని నేర్పు.

నర్సు యస్నా కాగితాలు తిరగేసింది.
చక్కెర అంది, రక్తపోటు అంది,
"మోత పని కదండీ మీది?" అంది.
మోసింది మోటారమ్మా, అన్నాను.

ఎంత గట్టిగా నడవాలి?
చేతికి ఏదో గడియారం కొనమంటుందనుకున్నాను.
"మాట రావాలి, పాట రాకూడదు.
పాడగలుగుతున్నారంటే కాళ్లింకా నిద్రలో ఉన్నట్టే.
మీ పేరే మీకు పలకలేదా, నెమ్మదించండి.
ఛాతీ బిగిస్తే మాత్రం అక్కడే ఆగి కబురు పెట్టండి."
పాట ఎప్పుడూ రాదు నాకు, అన్నాను.
"పోట్లాట?"

అది వచ్చు.
పక్కింటి ఎదువిహిస్‌తో తొమ్మిదేళ్ల తగువు.
నా నిచ్చెన అరువు తీసుకుంది,
రెండు మెట్లు లేకుండా తిరిగొచ్చింది.
రోజూ పొద్దున రొట్టెల సంచీతో ఆమె మెట్లెక్కుతుంది.
నేనూ వెనకాలే.

ఇరవయ్యో మెట్టు దాకా నిండు వాక్యాలు.
నలభై దగ్గర కామాలు ఎక్కువయ్యాయి.
ఆకుపచ్చ గోడ మలుపులో
"నిచ్చెన... నాది"
అంతే మిగిలింది.
ఆమెకు అరవై ఎనిమిది. ఇంకా గుక్క తిప్పుకోకుండా తిడుతోంది.
నాకు కొండ, ఆమెకు వాకిలి.

చలికాలం పోయింది.
నా ఊపిరి తెగే చోటు
ఆకుపచ్చ గోడ నుంచి నీలం తలుపుకు,
నీలం తలుపు నుంచి
కుంటికుక్క పడుకునే మెట్టుకు జరిగింది.
చక్కెర ఎంత దిగిందో యస్నాకు తెలుసు.
నాకు కుక్క తెలుసు.

నిన్న, నూట పన్నెండో మెట్టు మీద,
వెనక్కి తిరక్కుండానే అంది:
"పొయ్యిలో పెట్టాను ఆ రెండూ.
ఆ ఏడు చలికి కట్టెలు లేవు."

తొమ్మిదేళ్లుగా నూరి ఉంచిన జవాబు నాలుక మీదే ఉంది.
గాలి లేదు.
పక్కన పట్టాల మీద లిఫ్టు ఖాళీగా పైకి పోయింది.
ఆగమని చెయ్యెత్తాను.

ఆగింది.
అప్పుడు చూశాను,
ఆమె కూడా రొప్పుతోంది.