రెండు వందల మీటర్లు

కోర్టువారు గీసిన గీత ఇది:
ఆమె గుమ్మానికీ నాకూ మధ్య
రెండు వందల మీటర్లు.
కొలిచాను. నా అడుగులైతే
రెండు వందల అరవై ఎనిమిది.
ఆ తర్వాతి అడుగు దగ్గర
ఒక చెప్పులు కుట్టే దుకాణం, దాని మీద గది.
అద్దెకు దిగాను.
చట్టమంటే నాకు గౌరవం.

బుడాపెస్ట్‌లో నవంబరు
తడిసిన ఉన్నికోటు వాసన వేస్తుంది.
కింద పసుపు ట్రాము మలుపు తిరిగినప్పుడల్లా
నా కిటికీ అద్దం పళ్ళు కొరుకుతుంది.
మూడో అంతస్తులో ఆమె దీపం
ఏడున్నరకు వెలగాలి.
నిన్న ఎనిమిదీ పదికి వెలిగింది.
రాసుకున్నాను.

నలభై ఒక్క నోటు పుస్తకాలు.
ఎతెల్కా వారొషి మార్చిన సెంటు సీసాలు,
మానేసి మళ్ళీ మొదలుపెట్టిన సిగరెట్లు,
ఆమె చెత్తబుట్టలో ఆల్‌బుఖారా గింజలు, పదకొండు.
ఏడో సినిమా ఆఖరి సీనులో
మంచులో నడిచే ఆమె ఎడమ చేతికి గ్లవ్ లేదు.
దర్శకుడు చూడలేదు, ఎడిటర్ చూడలేదు.
నేలక్లాసులో, పదహారేళ్ళ నేను చూశాను.
చలేస్తోందని ఆ చెయ్యి
నాకొక్కడికే చెప్పింది.

"ఆమె మీకేమవుతారు?" అడిగాడు జడ్జి.
"ఆమె నాకేమీ కారు.
నేనే ఆమెకు అవుతాను."
స్టెనో టైపు ఆపి
నా వంక చూసింది.

మొన్న మంగళవారం రాత్రి ఫోను.
"హల్మాయి గారేనా?
మీ నంబరు కోర్టు కాగితం మీద దొరికింది."
నలభై ఏళ్ళుగా నా వైపు తిరగని గొంతు.
లేచి నిలబడ్డాను. చొక్కా బొత్తాలు పెట్టుకున్నాను.
"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి.
మా అమ్మ పచ్చరాయి ఉంగరం
నేనెక్కడ పోగొట్టుకున్నాను?"

పంతొమ్మిదో పుస్తకం, అరవై రెండో పేజీ.
"మార్చి తొమ్మిది. కెలెతి స్టేషన్.
గ్లవ్ తొడుక్కోవడానికి తీసి బెంచీ మీద పెట్టారు.
రైలెక్కేశారు."
"మరి ఇప్పుడెక్కడుందో?"
జేబులో నా చిటికెన వేలు
ముడుచుకుంది.

అప్పట్నుంచి రోజూ.
డాక్టరు జబ్బుకేదో పేరు చెప్పాడట,
ఆ పేరే గుర్తుండట్లేదట. నవ్వింది.
తారీఖు వేసి రాసుకున్నాను ఆ నవ్వు.
నా కుక్క పేరు? నా మొదటి పారితోషికం?
అంత్యక్రియల్లో నేను ఏడ్చానా?
ఏడ్చారు. రెండుసార్లు. రెండోది కెమెరాల కోసం కాదు.
"నన్ను నేను పారేసుకుంటున్నాను, హల్మాయి గారూ.
ఏరుకోవడం మీకు అలవాటేగా."

ఈ రాత్రి ఒక ఫొటో దొరికిందట.
బలతోన్ సరస్సు, వాన,
ఆమె పక్కన ఎవరో గొడుగు పట్టుకుని.
మొహం ఉన్న మూల చిరిగిపోయింది.
"ఎవరది?"

ఇరవై ఆరో పుస్తకం.
అతని పేరుంది. టై రంగుంది.
ఆమె అతని భుజాన తల వాల్చి ఉన్న నిమిషాలున్నాయి, పద్నాలుగు.
తర్వాతి పుస్తకంలో అతను పోయిన తారీఖూ ఉంది.
దొంగనే కావచ్చు గానీ
దొంగలెక్కలు రాసినవాణ్ణి కాను.
నలభై ఒక్క పుస్తకాల్లో
ఒక్క కొట్టివేత లేదు.

ట్రాము వెళ్ళింది. అద్దం పళ్ళు కొరికింది.
ఫోనులో ఆమె ఊపిరి
చీకట్లో మెట్టు కోసం తడుముతున్న కాలులా.

"ఆ రోజు వాన పెద్దదే," అన్నాను.
"ఎడమ చెయ్యి చలేస్తోందన్నారు మీరు.
గొడుగు పట్టుకున్నవాడు
ఆ చెయ్యి తన జేబులో పెట్టుకున్నాడు.
కాస్త గుర్తు తెచ్చుకోండి."

చాలాసేపు ఏమీ వినపడలేదు.

"అవును," అంది.
"అవునవును. మీరు.
వెచ్చగా ఉండేది మీ జేబు."

కోర్టు గీత ఎక్కడిదక్కడే ఉంది.
నేను ఒక్క అడుగూ వెయ్యలేదు.