అవును, రాలేదు

సిరోంచల మా బడి గోడ మీద మరాఠీ,
గేటు బయట చాయ్ బండి కాడ తెలుగు,
ఆలాపల్లి బస్సు దిగే పిల్లల నోట్ల మాడియా.
నా చేతిల ఎర్ర పెన్ను.
నేను ఇంగ్లీషు సారును.

పరీక్ష కాయితాలు దిద్దుతున్న రాత్రి
కరెంటు పోయి, వచ్చి, మళ్ల పోయింది.
దుర్గం సమత రాసింది:
మై గ్రాండ్‌మదర్ ఈజ్ ఓల్డ్, ఇట్ ఈజ్ మేకింగ్ బీడీస్.
సున్నా చుట్టబోయి ఆగిన.
తప్పు దానిది గాదు, అనుకున్న.
సూడు, పిల్లను నేను సుత 'అది' అనే అనుకున్న.
అవ్వ వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది,
మా మాటల ముగ్గురికీ ఒకటే తలుపు.

పక్క బెంచీ సుహాస్ వాసేకర్‌ది ఇంకో తీరు.
వాని ఇంట్ల భాకరి ఆడది, భాత్ మగోడు,
చెట్టు రెండూ గాదు.
ది చేర్, షి ఈజ్ బ్రోకెన్, అని రాసిండు.
నవ్విన.
మార్కు మాత్రం కోసిన.

ఐ హ్యావ్ ఫీవర్ అనాలెరా అంటే
తలండి మంగ్రు అడిగిండు:
జ్వరం మనకు వస్తది గద సార్,
మనమెట్ల దాన్ని పెట్టుకుంటం?

ఇవన్ని కాయితం మీది తప్పులు.
ఒకటి మాత్రం కాయితం దాటి ఊళ్లెకు పోయింది.

ప్రాణహిత పొంగి
మిర్చి చేన్లల్ల ఇసుక మేటేసిన యేడు
ఎక్కడినుంచో ఒక ఆఫీసర్ వచ్చిండు.
మెడల కార్డు, చేతిల ట్యాబు,
తెలుగు రాదు, మరాఠీ రాదు.
ఊరోళ్లు జాడి బక్కన్నను ముందుకు తోసిండ్రు.
పన్నెండు పాసైనోడు.
ఇంగ్లీషుల నలభై రెండు, నేనేసినయే.

యూ డింట్ గెట్ ద మనీ?
యెస్ సార్, అన్నడు బక్కన్న నిటారుగ నిలబడి.
నాట్ ఈవెన్ వన్స్?
యెస్ సార్, యెస్.
ఎనక నిలబడ్డోళ్లు తలలూపిండ్రు.
ఆఫీసర్ ఏలు ముప్పై ఏడు సార్లు అద్దాన్ని తాకింది,
ముప్పై ఏడు ఇండ్లకు
పైసలు ముట్టినయని పడ్డది.

మన అవును మనిషి మొఖం జూస్తది.
నువ్వన్నది నిజమే అన్నా, రాలేదు, అని
అడిగినోని భుజం మీద చెయ్యేస్తది.
ఇంగ్లీషు యెస్ ఎవ్వల మొఖం జూడది.
వచ్చినయా, రాలేదా, గంతే.
ఇది నేను చెప్పలే.
యాక్టివ్, ప్యాసివ్ చెప్పిన,
రెండేండ్లు చెప్పిన,
ఇది చెప్పలే.

తహసీలుకు దరఖాస్తు రాయ కూసున్న.
వి హ్యావ్ నాట్ రిసీవ్డ్, అని మొదలువెట్టి ఆగిన.
ఈ వి, మనమా? మేమా?
ఒకటో తారీఖున జీతం పడే నేను
అండ్ల ఉన్ననా?
మరాఠీ అయితే ఆమ్హీ ఉంది, ఆపణ్ ఉంది,
ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుండె.
ఇంగ్లీషుల ఒక్కటే గొంగడి, అందరు దూరొచ్చు.
నేను సుత దూరిన.
సంతకం కింద తారీఖేసి పంపిన.

మొన్న తొమ్మిదో తరగతిల బోర్డు మీద రాసిన:
హావెంట్ యూ ఈటెన్?
తినకపోతే నో అనాలె. నో, ఐ హావెంట్.
సమత చెయ్యి లేపింది.
అడిగింది మా అవ్వయితే సార్?
నో అంటే
ఆమె మొఖం మీద తలుపేసినట్టు గాదా?

నేను చాక్‌పీసు కోసం ఎతికిన.
చేతిలనే ఉంది.

గంట కొట్టినంక గేటు కాడ బక్కన్న ఎదురైండు,
సైకిల్ మీద యూరియా బస్తా.
పైసలు రాలేదారా, అని నోటిదాక వచ్చింది.
మింగి, తిప్పి అడిగిన:
పైసలొచ్చినయా?

లేదు సార్, అన్నడు
సైకిల్ ఆపకుంటనే.